గోడ పెయింట్ ఊడుతోందా? కొత్త డబ్బా కొనే ముందు ఊడిన పెచ్చు తిరగేసి చూడండి

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర ఊరు, సముద్రం దగ్గరే. ఇల్లు కట్టి 18 ఏళ్లు, పైన ఒక అంతస్తు ఉంది. చాలా ఏళ్లు సున్నమే వేయించుకున్నాం. మూడేళ్ల కిందట అమ్మాయి పెళ్లికి బయటంతా పుట్టీ పెట్టించి, మంచి కంపెనీ ఎమల్షన్ రెండు కోటింగులు వేయించాం. ఇప్పుడు రోడ్డు వైపు గోడకి కింద 3 అడుగుల మేర తెల్లటి పొడి వచ్చి రంగు రాలిపోతోంది. పైన పిట్టగోడ కింద వాన పడ్డప్పుడల్లా పొక్కులు లేస్తున్నాయి, నల్లటి చారలు కూడా పడ్డాయి. పెరటి గోడ మీద అరచేతంత ముక్కలు ఊడి పడుతున్నాయి. ఇంకా ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదని పెయింటర్ అంటున్నాడు. సంక్రాంతికి అమ్మాయి, అల్లుడు, మనవడు వస్తారు, అప్పటికి ఇల్లు చూడటానికి బాగుండాలని మా ఆశ. ఏ కంపెనీ పెయింట్ కొనమంటారు? ఇంకో చిన్న విషయం, పోర్టికో స్తంభం మీద నిలువుగా గోధుమ రంగు గీత ఒకటి పడింది, అది పాత మరకేలే అన్నాడు పెయింటర్.

జవాబు:

అమ్మా, మీరు చివర్లో చిన్న విషయం అని రాసిన ఆ స్తంభం గీతతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నాకు టెన్షన్ పెట్టింది అదొక్కటే. గోడ మీద రంగు ఊడితే ఇంటి అందం పోతుంది, అంతే. స్తంభం మీద నిలువుగా, అందులోనూ మూలకి దగ్గరగా గోధుమ గీత పడిందంటే లోపల ఇనుప కడ్డీ తుప్పు పడుతోందేమోనని ముందు అనుమానించాలి. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, అది ఏళ్ల తరబడి కాంక్రీట్‌లోకి దిగి చివరికి కడ్డీని అందుకుంటుంది, తుప్పు పట్టిన ఇనుము మామూలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి కడ్డీ ఉబ్బి కాంక్రీట్‌ని లోపలి నుంచి తోసి పగలగొడుతుంది. స్తంభంలో కడ్డీ మీద 40 మిల్లీమీటర్ల కవర్, అంటే కడ్డీని కప్పే కాంక్రీట్ మందం, ఉండాలని కాంక్రీట్ కట్టడాలకి మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది గానీ, చిన్న ఇళ్లలో కడ్డీలు సెంట్రింగ్ రేకులకి ఆనుకుపోయి అందులో సగం కూడా లేని స్తంభాలు బోలెడు కనిపిస్తాయి. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని, దాని పిడితో గీతకి అటూ ఇటూ మెల్లగా కొడుతూ పైనుంచి కిందకి రండి. అంతటా ఒకేలా గట్టిగా మోగితే కొంత నయం. ఎక్కడైనా డొల్లగా వినిపించినా, గీత వెంట సన్నటి పగులు కనిపించినా, ఆ స్తంభాన్ని పెయింటర్ చేత ముట్టించకండి. సివిల్ ఇంజనీర్‌ని పిలిపించి చూపించండి. మామూలుగా అయితే వదులైన కాంక్రీట్ కొట్టేసి, కడ్డీ బయటపడేలా చేసి, తుప్పంతా వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌తో మళ్లీ పూడుస్తారు. కడ్డీ బాగా సన్నబడి ఉంటే ఇంకేం చెయ్యాలో ఆయనే చెప్పాలి. దాని మీద పుట్టీ పూసి రంగు వేశారంటే మరక రెండేళ్ల దాకా ఎవరికీ కనపడదు, లోపల కడ్డీ మాత్రం అలా కరిగిపోతూనే ఉంటుంది.

ఇక ఏ కంపెనీ అన్న ప్రశ్న. పేరు చెప్పను, ఏదో దాచుకుని కాదు, మీ ఇంటికి అది అక్కరకొచ్చే ప్రశ్న కాదు కాబట్టి. ఒకే పెయింటర్, ఒకే డబ్బాల్లోంచి, ఒకే నెలలో వేసిన రంగు రోడ్డు వైపు ఒక రకంగా, పైన ఒక రకంగా, పెరట్లో ఇంకో రకంగా పాడైంది. ఇంటి గుమ్మం ఉన్న గోడ గురించి మీరేం రాయలేదు, అంటే అక్కడ బాగానే ఉండి ఉండాలి. పెయింటే నాసిరకం అయితే నాలుగు గోడల మీదా ఒకేలా వెలిసిపోయేది. తేడా గోడల్లో ఉంది, ఇంకా చెప్పాలంటే ఆ గోడల్లోకి నీళ్లు వచ్చే దారిలో ఉంది. ఆ దారి మూయకుండా లీటరు ఎంత ఖరీదుదైనా సరే పూయిస్తే ఊడిపోయేది కూడా అంత ఖరీదుగానే ఊడిపోతుంది.

కాబట్టి ముందు ఒక పని చెయ్యండి. మూడు చోట్ల నుంచీ ఒక్కో పెచ్చు తీసి, వెలుతురులో తిరగేసి, వీపు వైపు చూడండి. ఇది ఎవరైనా చెయ్యగలిగిన పరీక్ష, నన్నడిగితే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది. వెనకవైపు గట్టి తెల్లటి పొర అంటుకుని వచ్చిందంటే పుట్టీ గోడని వదిలేసింది. ఇసుక రేణువులు అంటుకుని వస్తే ప్లాస్టరింగే బలం లేకుండా ఉంది, పైన ఏం వేసినా నిలవదు. వేలితో రుద్దితే మెత్తటి సున్నం పొడి అంటితే కింద పాత సున్నం గీకకుండానే పుట్టీ పెట్టేశారన్నమాట. వెనక ఏమీ లేకుండా ప్లాస్టిక్ కాగితంలా పల్చగా రంగు ఒక్కటే వస్తే, దుమ్ము కడగకుండానో, రంగు గోడని పట్టుకోవడానికి ముందు వేసే ప్రైమర్ లేకుండానో రంగు కొట్టారు. మీరు చాలా ఏళ్లు సున్నం వేయించామని రాశారు కాబట్టి పెరటి గోడ పెచ్చు వెనక సున్నం పొడి ఉంటుందని నా గట్టి అనుమానం.

అదే నిజమైతే ఆ గోడది చాలా సూటి వ్యవహారం, కాకపోతే చాకిరీ ఎక్కువ. సున్నం అంటే గోడకి పట్టుకున్న పొడి పొరలు, ఏడాదికొకటి చొప్పున పేరుకున్నవి. ఎమల్షన్ ఎండుతూ ముడుచుకుంటుంది, కింద ఉన్న సున్నాన్ని పట్టి లాగుతుంది, సున్నానికి ఆ లాగుడు తట్టుకునే సత్తువ లేదు, అందుకే రంగు, పుట్టీ, సున్నం అన్నీ కలిసి ఒక అట్టలా లేస్తాయి. ఊడిన చోటే గీకి అతుకు వేస్తే పక్కది వచ్చే వానాకాలం ఊడుతుంది. గోడ మొత్తం సిమెంట్ ప్లాస్టరింగ్ కనిపించే దాకా గీకించాల్సిందే. నీళ్లతో బాగా తడిపి, నానాక పుట్టీ రేకుతో గీకితే తేలిగ్గా వస్తుంది, దుమ్ము కూడా లేవదు. పూర్తయిందో లేదో ఎలా తెలుస్తుందంటే, గోడ కడిగి ఆరాక నల్లగుడ్డతో రుద్దండి, తెల్లగా అంటకూడదు. తర్వాత పార్సిల్ అట్టపెట్టెలకి వేసే వెడల్పాటి టేపు ముక్క గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి, టేపుకి పొడి అంటుకొచ్చిందంటే ఇంకా గీకాలి. పెయింటర్‌కి మీరు ఈ టేపు చూపించి బేరం మాట్లాడుకోండి. గీకడం అయ్యాక ఇంటివాళ్లు చూసి ఒప్పుకుంటేనే ప్రైమర్ మొదలుపెట్టాలి అని ముందే అనుకోండి, ఎందుకంటే చదరపు అడుగు లెక్కన కాంట్రాక్ట్ తీసుకున్నవాళ్లు కోత పెట్టేది ముందుగా గీకుడు మీదే. ఎక్కడ రంగు గోడని బిగపట్టుకుని అస్సలు రానంటోందో అక్కడ వదిలెయ్యొచ్చు, అంచులు మాత్రం గరుకు కాగితంతో నున్నగా కలిపెయ్యాలి.

పుట్టీ గురించి కూడా ఒక మాట. బయట గోడలకి వైట్ సిమెంట్ పుట్టీ తప్ప లోపల గదులకి వాడే యాక్రిలిక్ పుట్టీ ఎప్పుడూ పెట్టకూడదు, అది నీళ్లకి మెత్తబడుతుంది. మీ దగ్గర ఏది పెట్టారో తెలుసుకోవాలంటే పెచ్చు వెనకున్న తెల్లముక్కని ఒక రాత్రి గ్లాసు నీళ్లలో నానబెట్టండి. పొద్దున్నే వేళ్ల మధ్య నలిపితే పిండిలా అయిపోతే అది బయటకి పనికొచ్చేది కాదు. అసలు బయట గోడలకి మొత్తం పుట్టీ పెట్టడమే నాకు ఇష్టం ఉండదు. లోపలి గోడలా నున్నగా మెరవాలన్న సరదా తప్ప దాని వల్ల ఇంటికి ఒరిగేదేమీ లేదు, ఊడటానికి ఇంకో పొర తయారవుతుంది. గుంటలు, గీతలు ఉన్నచోట మాత్రం పెట్టించి మిగతాది ప్లాస్టరింగ్ మీద నేరుగా ప్రైమర్, రెండు కోటింగుల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ వేయించండి.

రోడ్డు వైపు గోడ అసలు కష్టమైనది. కింద 3 అడుగులే పాడై, పైన బాగుందంటే నీళ్లు నేలలోంచి పైకి ఎక్కుతున్నాయి. ఇటుక, సిమెంట్ రెండూ సన్నటి రంధ్రాల మయం, తడి నేలని ఆనుకుని ఉంటే నీళ్లు వాటంతట అవే పైకి పాకుతాయి. పాకేటప్పుడు నేలలో, ఇటుకలో ఉన్న ఉప్పుని కరిగించుకుని తెస్తాయి, గోడ పైపొర దగ్గరికి వచ్చాక నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే గడ్డ కడుతుంది. అలా గడ్డకట్టేటప్పుడే పెయింట్‌నీ ప్లాస్టరింగ్‌నీ తోసి రాలగొడుతుంది. మనవాళ్లు గోడకి చవుడు పట్టింది అనేది దీన్నే. అది ఉప్పేనా అని ఆ తెల్ల పొడి కొంచెం నాలుక మీద వేసుకుని చూడమని కొందరు చెబుతారు, అక్కర్లేదు, ఆ పొడిలో ఏమేం ఉన్నాయో మనకెందుకు.

ఇప్పుడు ఇంటి బయటకి వెళ్లి ఒకటి చూడండి. ఇల్లు కట్టినప్పుడు రోడ్డు ఎంత ఎత్తున ఉండేది, ఇప్పుడెంత ఉంది? మన ఊళ్లలో పాత రోడ్డు మీదే కొత్త సిమెంట్ రోడ్డు పోసుకుంటూ పోతారు, పదిహేనేళ్లలో ఇల్లు పల్లంలోకి వెళ్లిపోతుంది. పునాది పైన, గోడ మొదలయ్యేచోట చెమ్మ ఎక్కకుండా వేసే డీపీసీ పొర ఉంటుంది. బయట మట్టో గచ్చో దాని కన్నా పైకి వచ్చేస్తే చెమ్మ ఆ పొరని దాటి నేరుగా గోడలోకి వెళ్తుంది. గోడని ఆనించి పూలమొక్కలకి మట్టి పోసినా, బట్టలుతికిన నీళ్లు అక్కడే నిలిచినా ఇదే జరుగుతుంది. వీలైనంత మేర గోడ వెంట మట్టి తీయించి, నేల మట్టాన్ని డీపీసీకి కనీసం అరడుగు దిగువకి తెచ్చి, నీళ్లు గోడ నుంచి అవతలికి పోయేలా వాలుతో గచ్చు చేయించండి. రోడ్డే ఎత్తయిపోయి మీ చేతిలో లేకపోతే గోడకీ రోడ్డుకీ మధ్య చిన్న కాలువ అయినా ఉండాలి. ఆ తర్వాత తడి మరక ఎక్కడి దాకా ఎక్కిందో దాని పైన ఇంకో అడుగు కలుపుకుని ప్లాస్టరింగ్ మొత్తం ఇటుక కనపడే దాకా కొట్టించండి, ఎందుకంటే పాత ప్లాస్టరింగ్ ఉప్పుతో నిండిపోయి ఉంటుంది, ఉప్పు గాలిలో తేమని కూడా లాగుతుంది, వాన లేని రోజున కూడా ఆ గోడ చెమర్చినట్టు ఉంటుంది. ఇటుకల మీది పొడిని పొడి బ్రష్‌తోనే దులపాలి, నీళ్లు కొడితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే వెళ్తుంది. కొన్ని వారాలు అలా వదిలేసి ఆరనిచ్చి, మళ్లీ పొడి వస్తే మళ్లీ దులిపి, అప్పుడు వాటర్‌ప్రూఫింగ్ లిక్విడ్ కలిపిన సిమెంట్‌తో ప్లాస్టరింగ్ చేయించండి. ఇసుక ఎక్కడిదో అడగండి, నీళ్లు కూడా చప్పటివేనా చూడండి, మీ వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కలిపి, వాటితోనే తడిపితే మీ చేతులతో మీరే ఉప్పు పెట్టినట్టు అవుతుంది. ఇవన్నీ చేశాక కూడా చెమ్మ ఎక్కుతుంటే గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించే పద్ధతి ఉంది. దాని ఖర్చు వేరు, నేల మట్టం సరిచెయ్యకుండా ముందే దానికి వెళ్లొద్దు.

మీ పెయింటర్ చెప్పిన వాటర్‌ప్రూఫ్ పెయింట్ ఈ గోడకి వెయ్యనే వెయ్యొద్దు. అది బయటి వానని ఆపుతుంది, నిజమే. కానీ మీకు నీళ్లు వస్తున్నది లోపలి నుంచి. దాన్ని బయటకి పోనివ్వకపోతే ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా గది వైపు వస్తుంది, ఇప్పుడు 3 అడుగులు ఉన్న మరక 5 అడుగులు అవుతుంది. కొత్త ప్లాస్టరింగ్ అయ్యాక మొదటి ఏడాది ఆ కింది భాగానికి సున్నమో సిమెంట్ పెయింటో వేసి ఊరుకోండి, రెండూ గోడలోని తడిని ఆవిరై పోనిస్తాయి. ఒక వానాకాలం గడిచాక పొడి రాకపోతే అప్పుడు ఎమల్షన్. ఆ ఏడాది ఆ పట్టీ వేరే రంగులో కనపడుతుంది, ఫర్వాలేదు, కింద ముదురు రంగు పట్టీ వేసుకోవడం మన ఇళ్లకి కొత్తేం కాదు.

పిట్టగోడ కింద పొక్కులకి కారణం పైనే ఉంటుంది, డాబా ఎక్కండి. వాన వెలిశాక ఒక పొక్కుని సూదితో పొడిస్తే లోపల నీళ్లు కారతాయి. పిట్టగోడ నెత్తి మీద అడ్డంగా పగుళ్లు ఉంటాయి, చాలా ఇళ్లలో ఆ నెత్తి చదునుగా ఉంటుంది, నీళ్లు నిలిచి పగుళ్లలోంచి దిగి రంగు వెనక్కి చేరతాయి. పగుళ్లని వి ఆకారంలో కొంచెం వెడల్పు చేసి క్రాక్ ఫిల్లర్‌తో నింపించి, నెత్తి మీద డాబా లోపలి వైపు వాలేలా సిమెంట్ చేయించి దాని మీద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించండి, ఆ ఖరీదైన డబ్బా పనికొచ్చే చోటు ఇదే. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలలో కూడా పగులు ఉంటుంది, అక్కడ సిమెంట్‌తో చిన్న వాలు కట్టించాలి. డాబా మీద నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు, క్రికెట్ బంతులు ఇరుక్కున్నాయేమో చూడండి. నల్లటి చారలు నాచు, బూజు. వాటి మీద నేరుగా రంగు వేస్తే కొన్ని నెలల్లో రంగుని చీల్చుకుని పైకి వస్తాయి. ఒక వంతు లిక్విడ్ బ్లీచ్‌కి మూడు వంతుల నీళ్లు కలిపి పూసి, పావుగంట ఉంచి, నైలాన్ బ్రష్‌తో రుద్ది బాగా కడిగెయ్యాలి. చేతులకి గ్లవ్స్, కళ్లకి అద్దాలు తప్పనిసరి, బ్లీచ్‌లో యాసిడ్ గానీ బాత్రూం క్లీనర్ గానీ చుక్క కూడా కలపకూడదు, విషవాయువు వస్తుంది. ఈ మాట పనివాళ్లకి కూడా గట్టిగా చెప్పండి.

ఇంకోటి, కిటికీల గ్రిల్స్, గేటు కూడా గీకిస్తారు కదా. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో 90 వంతులు, మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఇంటి గ్రిల్స్‌కి మొదట వేసిన ఎనామిల్ అంతకన్నా పాతది, కాబట్టి పొడిగా రుద్దించకుండా వాటర్ పేపర్‌తో తడి తడిగా రుద్దించండి, రాలిన చెత్త ఊడ్చి పారేశాకే మనవడిని ఆ వైపు ఆడుకోనివ్వండి.

రంగు వేసే రోజుల్లో చూసుకోవాల్సినవి కొన్నే. సీల్ ఉన్న డబ్బాలు మీ ముందు తెరవాలి, నీళ్లు డబ్బా మీద రాసినంతే కలపాలి. రెండు కోటింగులకి లీటరు సుమారు 50, 60 చదరపు అడుగులు వస్తుంది, మీ గోడల కొలత కట్టి చూసుకుంటే ఎన్ని లీటర్లు కావాలో మీకే తెలుస్తుంది, అంతకన్నా బాగా తక్కువలో పని అయిపోయిందంటే నీళ్లు ఎక్కువ పోశారని అర్థం. ఎండ నేరుగా కొడుతున్న గోడకి వేయనివ్వకండి, కాలుతున్న గోడ మీద రంగు పట్టుకునే లోపే ఆరిపోతుంది. పొద్దున పడమటి గోడ, మధ్యాహ్నం దాటాక తూర్పు గోడ, అలా నీడని బట్టి తిరగాలి. మీరు సముద్రం దగ్గర కాబట్టి ప్రైమర్‌కి ముందు గోడలన్నీ మంచినీళ్లతో కడిగించడం మరిచిపోవద్దు, గాలికి వచ్చి పట్టిన ఉప్పు కంటికి కనపడదు.

ఇక సంక్రాంతి. మీ వైపు అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు, డిసెంబరు మొదట్లో కూడా నమ్మకం లేదు. కొత్త ప్లాస్టరింగ్ 7 రోజులు తడపాలి, ఆ పైన ఆరాలి, 28 రోజులు నిండకుండా దాని మీద రంగు పడకూడదు. కాబట్టి పండగ లోపు ఇల్లంతా అవ్వదు, అవుతుందని ఎవరైనా మాటిస్తే ఒప్పుకోకండి. స్తంభం పని వెంటనే, వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా పిట్టగోడ పగుళ్లు, కింద మట్టి తీయించడం, పాత ప్లాస్టరింగ్ కొట్టించడం ఇవన్నీ తాపీమేస్త్రీతో ముందు కానివ్వండి. రోడ్డు వైపు, పెరటి వైపు రంగు జనవరి చివర నుంచి మార్చి లోపు పెట్టుకోండి, మీ ప్రాంతంలో బయటి రంగులకి అంతకు మించిన రోజులు లేవు. పండక్కి వచ్చేవాళ్లు ముందు చూసేది ఇంటి గుమ్మం ఉన్న గోడ, అది ఎటూ బాగానే ఉంది కాబట్టి డిసెంబరులో వరసగా నాలుగు పొడి రోజులు దొరికినప్పుడు ఆ ఒక్క గోడా టేపు పరీక్ష చేసి, కడిగించి, ఒక కోటింగ్ వేయించెయ్యండి. పాత షేడ్ నంబరు డబ్బా మూత మీద ఉంటే అదే తెప్పించండి. మూడేళ్ల ఎండకి గోడ రంగు కొంత వెలిసి ఉంటుంది గనక కొత్తది తేడాగా కనపడుతుంది, అందుకని మధ్యలో ఎక్కడా ఆపకుండా ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడ మొత్తం వేయించండి.